ఏరు లేని ఊరి పిల్లలు

సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు, రాయగడ నుంచి గుణుపురం వెళ్లే బస్సులో నా పక్కన వంకాయల బుట్టతో ఒకామె కూర్చుంది. మాటల్లో, నేను మాల్దీవుల్లో ఒక చిన్న దీవిలో పాఠాలు చెబుతానని తెలుసుకుంది.

"అక్కడ ఏటి పండిస్తారమ్మీ?"

"పొలాల్లేవు పిన్నీ. ఏరు కూడా లేదు. సుట్టూ సముద్రమే."

"ఏటీ, ఏరే లేదా! మరి ఏరంటే ఏటో ఆ పిల్లలకెలా సెప్తావు?"

"బోర్డు మీద బొమ్మేస్తాను."

"బొమ్మలో నీరు కదల్దు కదమ్మీ!"

వంశధార నది పక్కన టీ కోసం బస్సు ఆగింది. ఆమె నా చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తీసుకెళ్లింది. "ఫోను తియ్యి" అని, చీర ఎగదోపుకుని నీళ్లలోకి దిగింది. నేను వీడియో తీస్తుండగా, కొప్పులోని బంతిపువ్వు తీసి నీటి మీద వదిలింది. అది గుండ్రంగా తిరుగుతూ సాగిపోతుంటే, దాని వెంట నాలుగడుగులు నడిచి పకపకా నవ్వింది. డ్రైవరు హారన్ కొట్టాకే వెనక్కి వచ్చాం. ఆమె పేరు నేను అడగనే లేదు.

దీవికి వెళ్లాక ఆ వీడియో క్లాసులో చూపించాను. వెనక్కి తగ్గిన సముద్రం మళ్లీ రావడం రోజూ చూసే పిల్లలు వాళ్లు.

"మిస్, ఈ నీళ్లు తిరిగి ఎప్పుడొస్తాయి?" అని ఒక పాప అడిగింది.

"రావు" అన్నాను.

ఎవరూ నమ్మలేదు. వీడియో అయిపోయినా, తెర వైపే చూస్తూ కూర్చున్నారు.