మా బావ బొటనవేలు, గడ్డకట్టిన వంజరం

మా బావ ప్రభుదాసు పోయిన వారం ఇంగోల్‌స్టాట్ ఆసుపత్రిలో గుండె ఆగి చనిపోయాడు. ఆయన ఆసుపత్రిలో చేరాక మ్యూనిక్‌లో మా ఇంటికొచ్చి ఉన్న అక్కకి ఆ కబురు నేనే చెప్పాల్సి వచ్చింది. ముందు రోజు సాయంత్రమే ఆసుపత్రి మంచం మీంచి ఫోన్ చేసి నాతో పోట్లాడాడు. "ఒరేయ్ బామ్మర్దీ, ఫ్రీజర్లో వంజరం చేప ఉంది. నేనొచ్చాక పులుసు పెట్టిస్తా, అప్పుడు మాట్లాడు" అన్నాడు. ఆ గొంతు మర్నాటికి లేదంటే బుద్ధి ఒప్పుకున్నా చెవులు ఒప్పుకోలేదు.

అప్పటి నుంచి ఇక్కడి మన తెలుగు క్రైస్తవ సంఘం వాట్సాప్ గ్రూపులో ఆయన మహాత్ముడైపోయాడు. పొరపాటెరుగని మనిషట, దేవదూతట. పోయినవాణ్ణి ఇలా సున్నం కొట్టి నిలబెట్టడం గౌరవం కాదు, ఆలోచించే బద్ధకం. నేనెరిగిన ప్రభుదాసు మొండివాడు. చేప దగ్గరికొస్తే ప్రమాదకరమైన మొండివాడు.

మచిలీపట్నం దగ్గర సముద్రపు ఒడ్డున పుట్టాడు. తాజా చేపని గుర్తుపట్టడంలో ఆయనకి సాటి లేరు, అది కాదనను. మొప్పల ఎరుపు, కంటి మెరుపు, బొటనవేలితో నొక్కితే తిరిగి లేచే కండ చూసి చెప్పేసేవాడు. కాని జర్మనీలో మనకి దొరికేది తలా మొప్పా లేని ముక్క, రాయిలా గడ్డకట్టిన ముక్క. దానికి కన్నేది, మెరవడానికి? అయినా బావ అదే గాంభీర్యంతో దాన్ని కరిగించి, బొటనవేలితో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని, "బాగుంది" అని తీర్పు చెప్పేవాడు. కరిగింది మిగిలిపోతే ఉప్పూ పసుపూ రాసి మళ్లీ ఫ్రీజర్లో పెట్టేవాడు. ఉప్పూ పసుపూ పడితే చేప మళ్లీ కొత్తదవుతుందని ఆయన సిద్ధాంతం.

"అది తప్పు బావా" అంటే, "కార్లకి బోల్టులు బిగించుకునేవాడివి, సముద్రం పక్కన పుట్టినవాడికి చేప గురించి చెబుతావురా?" అనేవాడు.

నాకు ఒళ్లు మండేది అక్కడే. పుట్టుకతో మనిషికి విలువ కట్టడం అన్యాయమని జీవితమంతా వాదించినవాడు ఆయన. ఆ వాదన నేను నేర్చుకున్నదీ ఆయన దగ్గరే. అలాంటివాడు చేప దగ్గర మాత్రం పుట్టుకనే సాక్ష్యంగా నిలబెట్టాడు. ఎక్కడ పుట్టామన్నది ఏ ప్రశ్నకీ జవాబు కాదు, బావా. చేపకి అసలే కాదు.

మొదటి లాక్‌డౌన్ చలికాలంలో క్వారంటైన్లో చిక్కుకున్న మన విద్యార్థుల గుమ్మాల ముందు బావ పులుసు డబ్బాలు పెట్టి వచ్చేవాడు. మంచులో సైకిల్ మీద వెళ్లేవాడు. అది మంచి పనే. ఆ మంచితనం అడ్డం పెట్టుకునే ఈ పిచ్చి బతికింది. ఒకసారి డబ్బా తిన్న కాసేపటికే కరీంనగర్ అమ్మాయి శ్రావణి ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది. "అన్నా, మొకమంతా ఎర్రగైంది. గుండె దడదడ కొట్టుకుంటుంది. కరోనానే గావచ్చు, సచ్చిపోతనేమో!" డాక్టరు చూశాడు. టెస్టు చేస్తే కరోనా లేదు. రాత్రికల్లా ఎరుపు తగ్గింది. చేప వల్లే అయి ఉంటుందని డాక్టరన్నాడు.

వంజరం లాంటి చేపలకి చల్లదనం తగ్గితే వాటిలో ఒక విషం పుడుతుంది. దానికి వాసన ఉండనక్కర్లేదు. మళ్లీ గడ్డకట్టించినా పోదు, ఉడికించినా పోదు. చింతపండు పులుసు దాన్ని చంపదు, మనకి తెలియకుండా చేస్తుందంతే. ఇదంతా చెప్పాను. బావ విని, "కరోనాకి లక్షణాలకేం కొదవ? టెస్టు తప్పయి ఉంటుంది గాని, నా వంజరం తప్పవుతుందా?" అన్నాడు. మర్నాడు ఆ అమ్మాయికి చారూ అన్నం తీసుకెళ్లాడు. క్షమించమని మాత్రం అడగలేదు.

ఇప్పుడు ఆయన పోయాక అదే పిచ్చి ఇంకో వేషంలో వచ్చింది. కరోనా వల్ల ఇంకా జనం గుమిగూడకూడదు కాబట్టి, ఆయన జ్ఞాపకార్థ భోజనం డబ్బాల్లో కట్టి విద్యార్థులకి పంచాలని సంఘం నిర్ణయించింది. సంఘానికి పెద్ద దిక్కైన మార్తమ్మ ఆంటీ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది: "ఆయన ప్రార్థన చేసి దాచిన చేపలమ్మా అవి. వాటితోనే పులుసు పెట్టు. వాటిని పారేస్తే ఆయన్ని పారేసినట్టే." కింద వరసగా ఆమెన్‌లు. అక్క ఆ మాటకి కరిగిపోయింది. ఆయన చేత్తో దాచిన చివరి చేపల్ని తనే వండి పిల్లలకి పెట్టాలనుకుంది.

నేను అక్కతో పాటు ఇంగోల్‌స్టాట్‌లో వాళ్ల బిల్డింగు కెల్లర్‌లోకి, ఫ్రీజర్ ఉన్న నేలమాళిగలోకి దిగాను. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు అక్కడ ఫ్యూజు పోయిందనీ, బిల్డింగు బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ వచ్చి మళ్లీ వేశాడనీ పక్కింటావిడ చెప్పింది. ఎంతసేపు పోయిందో ఎవరికీ తెలీదు.

మూత తీసి చూపించాను. విడివిడిగా గలగలలాడాల్సిన రొయ్యలు ఒకే ముద్దయి ఉన్నాయి. తిన్నగా ఉండాల్సిన వంజరం ముక్కలు మెత్తబడి వంగి, కింది తీగబుట్ట గళ్లని ఒంటి మీద అచ్చేసుకుని, ఆ వంపులోనే మళ్లీ గట్టిపడ్డాయి. అడుగున ఎర్రటి నీరు పలకలా గడ్డకట్టి ఉంది. తేదీ దాటినా కరగని చేప మహా అయితే ఎండి రుచి చెడుతుంది. ఇది కరిగిన చేప. సాక్ష్యం కళ్ల ముందుంది, ప్రార్థనకి అక్కడ పని లేదు.

అక్క ఒక ముక్క తీసి బొటనవేలితో నొక్కింది. అచ్చం బావలాగే.

"ఆయనుంటే ఏమనేవాడ్రా?"

"బాగుందనేవాడు."

"నువ్వేమంటావు?"

"కరిగిందంటాను. ఎంతసేపో నాకు తెలీదక్కా. తెలీనప్పుడు పిల్లలకి పెట్టకూడదంటాను."

అక్క ఆ ముక్కని రెండు వైపులా తిప్పి, దాని మీది గళ్ల అచ్చుని తడిమింది. వేళ్లు ఎర్రబడ్డాయి. "ఇన్నేళ్లలో ఆయన నోట 'తెలీదు' అన్న మాట వినలేదురా" అంది. ఆ తర్వాత నల్ల సంచి విప్పి ఒక్కో ముక్కా తనే వేసింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. మధ్యలో మార్తమ్మ ఆంటీ ఫోన్ చేసింది. "ఏమ్మా, చేపలు నానబెట్టావా?"

"లేదాంటీ. పారేస్తున్నాను."

"అయ్యో! ఆయన్ని..."

"ఆయన్ని కాదాంటీ. చేపల్ని."

డబ్బాల్లో కోడిగుడ్ల పులుసు వెళ్లింది. శ్రావణికీ వెళ్లింది. ఎవరి మొహమూ ఎర్రబడలేదు.

ఆయన చావుకి చేప కారణమని నేననను. ఆధారం లేని మాట నా నోట రాదు, రాకూడదని నేర్పినవాడూ ఆయనే. ఆయన ఆత్మ ఎక్కడో శాంతిగా ఉందనీ రాయను. నాకు తెలిసింది ఒకటే. బావ ఉంటే ఆ ఉడికిన గుడ్లని కూడా బొటనవేలితో నొక్కి, "బాగుంది" అనేవాడు. ఆ ఒక్కసారికి నిజమే చెప్పేవాడు, నేను ఒప్పుకునేవాణ్ణి. వంజరం మీద వాదన చివరికి నేనే గెలిచాను. "కాదురా" అనడానికి మాత్రం అవతల మనిషి లేడు.