కోడలు దిద్దిన గీత

తమిళనాడులో ఉన్న మా రాజపాళయంలో నేను చదివిన చదువుకి పేరు లేదు. రేడియోథెరపీ టెక్నాలజీలో డిగ్రీ అని చెబితే ఎదుటివాళ్ళు కాసేపు ఓపిగ్గా విని "నర్సా?" అంటారు. కాదంటే "ఎక్స్‌రేనా?" అంటారు. విడమరిచి చెప్పే ఓపిక నాకు మొదటి ఏడాదిలోనే అయిపోయింది. కేన్సర్ వచ్చినవాళ్ళని మిషన్ కింద పడుకోబెట్టి కిరణాలు పెడతారు కదా, ఆ మిషన్ నడిపే పని అని అమ్మ వీధిలో చెప్పుకునేది. మా వైపు ఆ వైద్యాన్ని అందరూ కరెంటు పెట్టడం అంటారు కాబట్టి, నేను కరెంటు పెట్టే పిల్లనయ్యాను. అందులో ఒంటికి కరెంటు తగిలేదేమీ లేదని చెప్పడం కూడా కొన్నాళ్ళకి మానేశాను.

ఆఖరి ఏడు మదురైలో ఒక ఆస్పత్రిలో ట్రైనింగ్. పుస్తకాల్లో ఫిజిక్సు, లెక్కలు బోలెడు చదివాం గానీ అక్కడ మాకు అప్పగించిన పని ఒకటే. మనిషిని నిన్న పడుకోబెట్టినట్టే ఇవాళా పడుకోబెట్టాలి. వైద్యం మొదలయ్యే ముందు స్కాన్ తీసి ఒంటి మీద సిరాతో గీతలు గీస్తారు. ఆ తర్వాత రోజూ గోడలోంచి వచ్చే సన్నటి వెలుగు సరిగ్గా ఆ సిరా గీత మీద పడేలా మనిషిని అటూ ఇటూ జరపాలి. అలా జరిపీ జరిపీ నాకు మొహాలు గుర్తుండటం తగ్గిపోయింది. ఊరి బస్సులో ఎవరైనా పలకరిస్తే ముందు వాళ్ళ మెడ వైపు చూసేదాన్ని, గీతలున్నాయేమోనని. జాలిపడాల్సిన సంగతేమీ కాదు. పని అలా ఉంటుంది.

మా వీధి చివరింటి అత్త ఆ ఆస్పత్రికే వచ్చింది. మాకు చుట్టరికం లేదు, చిన్నప్పట్నుంచీ అత్త అని పిలుపు, అంతే. ఎడమ రొమ్ముకి ఆపరేషన్ అయ్యాక ఆమెకి కరెంటు పెట్టమన్నారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా కోడలితో కలిసి ఆస్పత్రి పక్కన గదిలో ఉండేది. శనివారం పొద్దున్నే ఇద్దరూ ఊరికి బస్సెక్కేవాళ్ళు. గీతల మీద సబ్బు వద్దు, నూనె వద్దు, పసుపు వద్దు, నీళ్ళు పోసి రుద్దొద్దు అని నేను రోజూ అరవంలో అప్పజెప్పే పాఠాన్ని ఆమెకి మాత్రం మా వీధి తెలుగులో చెప్పాను.

"సరి పాపా, నువ్వే చెప్పినాక ఇంకేముండాది," అంది.

మూడో వారం, సోమవారం. పడుకోబెట్టి గుడ్డ తీసేసరికి గీతలు కొత్తగా కనిపించాయి. మేం గీసినవి ఆపాటికి వెలిసిపోయి, చెమటకి అంచులు పాకిపోయి ఉండాలి. ఇవి నల్లగా, చెయ్యి ఎత్తకుండా ఒక్క ఊపులో గీసినట్టున్నాయి. పైగా ప్రతి గీత చివరా చిన్న మెలిక. మా వీధిలో ఆడవాళ్ళు ముగ్గు గీత ముగించేటప్పుడు చెయ్యి అలా తిప్పి ఎత్తుతారు, నేనూ అలాగే ఎత్తుతాను. ఆస్పత్రిలో ఎవరూ స్కేలు లేకుండా గీత గియ్యరు.

"అత్తా, ఇది ఎవురు గీసినారు?"

ఆమె పైకప్పు వైపు చూస్తూ చెప్పింది.

"మంసాపురంలో మా అన్న పోయినాడు గదా శనివారం. చావింటికి పోయొచ్చి తలకి పోసుకోకుండా గడప ఎట్లా దాటేది? మైల తీట్టు గదా పాపా. పోసుకొని చూస్తే గీత లేదు. కొంచెం జాడ తెలస్తా ఉండింది, దాన్ని పట్టుకొని కోడలు పెన్నుతో దిద్దింది. వీధి నిండా ముగ్గేసే చెయ్యి అది, చుక్క తప్పదు. సరిగ్గాదాన్ ఉండాది."

వెంటనే నా మణికట్టు పట్టుకుంది. "వాళ్ళకి చెప్పొద్దు పాపా. తెలిస్తే ఇన్నాళ్ళు పెట్టిన కరెంటు వేస్టు, మళ్ళా మొదట్నించి అంటారు. నా వల్ల కాదు."

నాకు భయం వేసింది. దాని వెనకే కోపం వచ్చింది, ఆ తీట్టు మీద, ఆ పెన్ను మీద, అన్నిటికన్నా ఎక్కువగా నా చెయ్యి పట్టుకున్న అత్త మీద. ఆ గీత ఎంత అందంగా ఉన్నా అది తప్పుచోట ఉంటే కిరణాలూ తప్పుచోటే పడతాయి. మిషన్‌కి ముగ్గు తెలీదు. చెయ్యి విడిపించుకుని బయటికి వెళ్ళి మా టెక్నీషియన్ మేడంకి చెప్పేశాను.

ఆ గీతల మీద కిరణాలు పడకముందే ఆ రోజు వైద్యం ఆపేశారు. గీతలు తుడిచే ముందు పాత కొలతలు పెట్టి చూశాం. కోడలి గీత ఒక వేలి మందం పక్కకి జరిగి ఉంది. మళ్ళీ స్కాన్ తీశారు, మళ్ళీ గీశారు. మొదట్నుంచీ పెట్టాల్సిన అవసరమేమీ లేదు, ఆ మాట డాక్టరే ఆమెకి చెప్పాడు. మేడం మాత్రం వరండాలో అందరి ముందూ కోడల్ని అరవంలో దులిపేసింది. ఆ అమ్మాయి గోడవైపు తిరిగి ఏడ్చింది. అత్త నా వైపు చూడలేదు. ఆ వారమంతా మంచం మీద బొమ్మలా పడుకుని, నేను జరిపిన వైపు జరిగి, ఒక్క మాటా లేకుండా లేచి వెళ్ళిపోయేది.

శనివారం ఇంటికి వస్తే అమ్మ మొహం మాడ్చుకుని ఉంది. "మన పిల్లని నమ్ముకుంటే అదే పట్టిచ్చింది అని ఆ అత్త వీధంతా చెప్పిందంటమ్మా," అంది.

ఎవరేమనుకుంటే నాకేం అనుకున్నాను. మధ్యాహ్నం దాకా అలాగే అనుకుంటూ కూర్చుని, ఉండబట్టలేక వాళ్ళింటికి వెళ్ళాను.

అత్త పంచలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కూర్చోమనలేదు. నేనే కూర్చుని ఒక గుప్పెడు తీసుకుని ఒలవడం మొదలుపెట్టాను. ఆమె తల ఎత్తకుండానే అడిగింది.

"ఎంత తప్పింది?"

"ఒక వేలు."

"వేలేనా!" అంది, ఇంత రాద్ధాంతం దానికా అన్నట్టు. ఆ తర్వాత, "ఏ పక్కకి?"

ఇది చెప్పాలా వద్దా అని నేను తేల్చుకోలేదు. అడిగింది కాబట్టి చెప్పాను.

"గుండె పక్కకి."

ఆమె చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఇంతసేపూ లేని భయం ఆ మొహంలో చూశాను. అది తన గుండె గురించే అనుకున్నాను. ఆమె మాత్రం లోపలి గుమ్మం వైపు చూసి గొంతు బాగా తగ్గించింది.

"ఆ పిల్లకి తెలిసిందా ఇది?"

"లేదు. తప్పు గీసినావనే తిట్టినారు, ఎటుపక్కకని చెప్పలేదు."

"తెలియకూడదు. ఎప్పటికీదాన్. రేపు దేనివల్ల నాకేమన్నా అయినా, నా చేత్తోనే చేసినాను అని బతికినన్నాళ్ళూ ఏడస్తాది."

అంతలో కోడలు కాఫీ తెచ్చింది. ఆ వారమంతా ఏడుస్తూనే ఉందేమో, కళ్ళ కింద కొంచెం ఉబ్బు ఉంది. గ్లాసు నా చేతికిచ్చి, పోకుండా అక్కడే నిలబడింది.

"ఏమ్మా, నేను గీసింది మరీ తప్పా? అత్తకేమీ కాదు గదా?"

అత్త చిక్కుడుకాయలు చూస్తోంది.

"అత్తకేమీ కాదు అక్కా. నువ్వు గీసింది దగ్గిర్లోనే ఉండింది," అన్నాను. "ఊరికే, రూల్ కోసం తిట్టినారు."

ఆమె పమిట చెంగుతో మొహం తుడుచుకుని, కాఫీలో చక్కెర సరిపోయిందా అని అడిగింది.