తాళం తీసినా ఆగని ఇంజను

ఇరవై ఏళ్ళకు పైగా లారీలే నడిపాను. పొగ కక్కే పాత బండ్లు, గేరు పడని బండ్లు, సాలూరు ఘాటులో బ్రేకులు కాలిపోయి కంపు కొట్టిన బండ్లు అన్నీ చూశాను. రోడ్డంటే భయపడ్డ రోజులున్నాయిగానీ ఇంజనంటే భయపడ్డ రోజు లేదు. మా ఓనరు కొత్త లారీ కొని తాళం నా చేతిలో పెట్టాక ఆ భయం మొదలైంది.

ఆ లారీ సైలెన్సరు లోంచి నల్ల పొగ రాదు. మసినంతా పట్టి ఉంచే జల్లెడలాంటిది ఒకటి సైలెన్సరు లోపలే ఉంటుంది. అది నిండినప్పుడు నా ముందు పసుపు రంగు లైటు వెలుగుతుంది. అప్పుడు ఇంజను తనంతట తానే కొంచెం ఎక్కువ డీజిలు పంపి, సైలెన్సరును పొయ్యిలా కాల్చి, ఆ మసిని బూడిద చేసుకుంటుంది. బండి హైవే మీద ఒకే వేగంతో పోతుంటే ఆ పని దారిలోనే అయిపోతుంది. లేకపోతే ఎక్కడైనా పక్కకు ఆపి, అరగంట ఇంజనును ఆన్‌లో ఉంచాలి. వీలుకాని చోట ఆ కాల్చడాన్ని ఆపుకోవడానికి ఒక స్విచ్చి కూడా ఇచ్చారు. షోరూములో ఇదంతా చెప్పారు. నేను తల ఊపాను. సగమే అర్థమైంది.

మొదటి వేసవిలో భోగాపురం దాటాక ఆ లైటు వెలిగింది. రోడ్డు వారగా ఆపి కూర్చున్నాను. పావుగంట గడిచేసరికి వేరే రకం కంపు వచ్చింది. దిగి చూద్దును కదా, సైలెన్సరు కింద ఎవరో రైతు ఆరబెట్టుకున్న ఎండుగడ్డి అంచు నల్లబడి సన్నగా పొగ లేస్తోంది. చేతిలో ఉన్న నీళ్ళ సీసా మొత్తం దాని మీద పోసి, బండి ముందుకు తీసి, మిగిలిన గడ్డిని కాళ్ళతో తొక్కాను. మంట లేవలేదు. కానీ పక్కనే గడ్డికుప్ప ఉంది, దాని వెనక ఒక ఇల్లుంది. ఇంటికొచ్చాక అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నా ఆ కంపే తగిలింది.

మరునాడు మావకు చెప్పాను. మా అమ్మకు వరసకు తమ్ముడు. నాకు స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆయనే. మా ఓనరు దగ్గరే అలాంటి కొత్త లారీ ఆయన చేతిలో కూడా ఉంది. ఆయన నవ్వాడు.

“ఒరే, ఆ లైటు ఎలిగితే నువ్వేటి పూజ సేస్తావా? ఆపీసే స్విచ్చి ఉన్నాది కదా, నొక్కీ. బండి కాలదు, గడ్డి కాలదు. డీజిలు కూడా మిగుల్తాది.”

“అలా ఎప్పుడూ నొక్కీవచ్చా మావా?”

“నాను నొక్కతన్నాను. బండి నడస్తన్నాదా నేదా?”

నడుస్తోంది. పైగా లీటరుకు ఎక్కువ దూరం తీస్తున్న డ్రైవరని ఓనరు నలుగురిలో ఆయన్నే మెచ్చుకుంటున్నాడు. నేనూ నొక్కడం మొదలుపెట్టాను. లైటు వెలగగానే నా వేలు దాని మీదికి పోయేది. ఒక్కోసారి మసి సగం కాలాక నొక్కేవాణ్ణి, ఒక్కోసారి మొదలవగానే. నెల తిరిగేసరికి నా బండి కూడా బాగా తీస్తోందని ఓనరు అన్నాడు. ఆ మాట విని సంతోషపడ్డానని దాచను.

అప్పుడే ఇంకో సంగతి కనబడింది. పొద్దున్నే ఇంజనాయిలు గేజు, అంటే ఆయిలు ఎంతుందో చూపే గీతల పుల్ల, తీసి చూసుకోవడం నా అలవాటు. ఏ బండికైనా ఆయిలు తగ్గుతుంది, మనం పోస్తాం. ఈ బండికి తగ్గడం లేదు. ఒక వారం గీత మీదే ఉంది. తరవాత గీత దాటి పైకి ఉంది. ఇంకొన్నాళ్ళకు ఇంకా పైకి. వేలికి రాసుకుంటే పలచగా, నీళ్ళలా జారింది. మళ్ళీ తుడిచి చూశాను, అంతే ఉంది. ఇరవై ఏళ్ళలో ఆయిలు పెరిగిన ఇంజనును చూడలేదు. లోపల ఏదో జరుగుతోందని తెలిసిపోయింది. కానీ ఎవరినైనా అడిగితే స్విచ్చి సంగతి బయటపడుతుంది. ఓనరు లారీ నుంచి దించేస్తాడు. అందుకని గేజు తుడిచి లోపల పెట్టేశాను. ఆ తరవాత నాలుగు రోజులు గేజు తీయనే లేదు. చూడకపోతే పెరగదన్నట్టు ప్రవర్తించాను.

అయిదో రోజు నౌపడ ఉప్పు మడుల దగ్గర లోడుకు వెళ్ళాను. పదకొండు గంటలవుతోంది. మడుల మీంచి కొట్టే ఎండకు కళ్ళు తెరవలేకపోతున్నాను. ఆడవాళ్ళు ఉప్పు బస్తాలన్నీ ఎక్కించేశారు. వాళ్ళ మేస్త్రి నడివయసు ఆవిడ, గొంతు పెద్దది, నన్ను తమ్ముడా అని పిలిచేది. పని అయ్యాక అందరూ లారీ నీడలో కూలబడ్డారు. నేను బయల్దేరాలని ఇంజను స్టార్టు చేశాను. బ్రేకులకు గాలి నిండాలి కదా, కాసేపు అలాగే నిలబెట్టి, “లెగండమ్మా, బండి తీస్తన్నాను” అని కేకేశాను. నీడలోంచి ఒక్కొక్కరే లేచి పక్కకు పోతున్నారు.

అప్పుడు ఇంజను గొంతు మారింది.

నా కాలు యాక్సిలేటరు మీద లేదు. అయినా ఎవరో తొక్కినట్టు ఇంజను లేచింది. కాలు వంక చూసుకున్నాను. ఇంకా లేచింది. తాళం తిప్పి ఆపాను. ఆగలేదు. తాళం పూర్తిగా బయటికి లాగేశాను. చేతిలో తాళం ఉంది, డాష్‌బోర్డు మీద లైట్లన్నీ ఆరిపోయాయి, ఇంజను మాత్రం ఇంకా ఇంకా పైకి పోతోంది. క్యాబిను మొత్తం వణికింది. అద్దంలో చూస్తే వెనక తెల్లటి పొగ గోడలా లేచింది. అందులో మడులూ కనబడలేదు, మనుషులూ కనబడలేదు.

అలా పరుగెత్తిన ఇంజన్లు పగిలిపోతాయని విన్నాను. ఇనుప ముక్కలు బయటికి చిమ్మి మనుషులకు తగులుతాయని కూడా విన్నాను.  నిజం చెప్పాలంటే తలుపు తీసుకుని దూకేసి పరిగెత్తాలనిపించింది. చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది కూడా.

దూకలేదు. ఒక ఉపాయం తెలుసు. పై గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కిపెట్టి, క్లచ్చి ఒక్కసారిగా వదిలితే ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. క్లచ్చి తొక్కి గేరు వేశాను. వదలబోతుంటే మేస్త్రి ఆవిడ నా ముందుకు వచ్చేసింది. రెండు చేతులూ ఊపుతోంది. నోరు తెరిచి అరుస్తోంది, ఒక్క ముక్క వినబడడం లేదు. వంగి లారీ కిందికి చూపించింది. మళ్ళీ నన్ను చూసి చేతులు అడ్డంగా ఊపింది.

కింద ఎవరో ఉన్నారు.

ఆ క్షణం ఇప్పటికీ నాకు నిద్రలో వస్తుంది. నా ఎడమ కాలు క్లచ్చి మీద ఉంది. వణుకుతోంది. ఆ కాలు జారితే లారీ ఒక గజమైనా ముందుకు ఎగురుతుంది. ఒక చేత్తో మోకాలు అదిమిపెట్టి, ఇంకో చేత్తో గేరు న్యూట్రల్లోకి లాగి, హ్యాండు బ్రేకు వేసి, అప్పుడు కాలు తీశాను.

ఇక మిగిలింది గాలి. గాలి లేకపోతే ఏ ఇంజనూ బతకదు. ఇంజను గాలి పీల్చుకునే గొట్టం క్యాబిను వెనక, పైన ఉంటుంది. దాన్ని మూసెయ్యాలి. దేనితో? తువ్వాలు లోపలికి పీల్చేసుకుంటుంది. గోనె సంచిలోంచి గాలి పోతుంది. నా కాళ్ళ కింద రబ్బరు మ్యాటు ఉంది. పీకాను. దిగి చూస్తే మేస్త్రి ఆవిడ బోర్లా పడుకుని లారీ కిందికి దూరుతోంది. ముందు చక్రం వెనక ఒక ముసలమ్మ మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, చెవులు మూసుకుని పడి ఉంది. నీడలో కునుకు తీసినావిడ నా కేక వినలేదు. చప్పుడుకు మెలకువ వచ్చి, కదలలేకపోయింది.

ఇంజను పక్కనుంచే పైకి ఎక్కాను. ఆ వేడి, ఆ అరుపు మొహానికి తగులుతుంటే కళ్ళు మూసుకునే ఎక్కాను. మ్యాటును గొట్టం నోటికి అడ్డంగా పెట్టి ఛాతీతో అదిమాను. దాన్ని లోపలికి ఎంత బలంగా లాగిందంటే నా చెయ్యి కూడా దానితో పోతుందనుకున్నాను. ఒక అంచున ఈల వేసినట్టు గాలి దూరుతుంటే మోచేత్తో మూశాను. ఇంజను ఒకసారి దగ్గింది. లారీ మొత్తం అటూ ఇటూ ఊగింది. మళ్ళీ దగ్గి, ఆగిపోయింది.

ఆగిందని నాకు వెంటనే తెలియలేదు. చెవుల్లో ఇంకా హోరుంది. మ్యాటును అలాగే అదిమి పట్టుకుని ఉన్నాను. కింద నుంచి మేస్త్రి ఆవిడ నా పాంటు పట్టుకుని లాగింది.

“తమ్ముడా, దిగు! ఆగిపోనాది! దిగెహె!”

ముసలమ్మను లారీ కింద నుంచి లాగి మడి గట్టు మీద పడుకోబెట్టారు. ఊపిరి తీస్తుంటే గొంతులో గరగరమంటోంది. పొగంతా ఆవిడే మింగింది. సైలెన్సరు లోంచి చిమ్మిన ఆయిలు కుప్పల మీది తెల్లటి ఉప్పు మీద మచ్చలు మచ్చలుగా పడింది. ఆటోలో ముసలమ్మను టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారి పొడుగునా ఆవిడ తల నా ఒళ్ళోనే ఉంది. దగ్గు ఆగినప్పుడల్లా ఊపిరుందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

ఆసుపత్రి వరండాలో ఉండగా ఓనరు ఫోను చేశాడు. “ఏటయిందిరా?” అన్నాడు.

“తెలవదు బాబూ. దానంతట అదే లేచిపోనాది,” అన్నాను.

మేస్త్రి ఆవిడ పక్కనే ఉంది. నా మొహం చూసింది.  ముసలమ్మకు ఆక్సిజను పెట్టారు, రాత్రికి ఉంచుతామన్నారు, భయం లేదని మాత్రం అనలేదు. ఆ ముసలమ్మ చచ్చిపోతే అప్పుడు కూడా ఈ అబద్ధమే చెప్పగలనా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

మూడో రోజు లారీని శ్రీకాకుళంలో వర్కుషాపుకు చేర్చారు. ఓనరు వచ్చాడు, మావ వచ్చాడు. ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చిన మెకానిక్కు ఒక అమ్మాయి. ముందు కింద బోల్టు విప్పి ఆయిలు దించింది. డబ్బా నిండింది. ఇంకో డబ్బా పెట్టింది. అదీ నిండుతోంది. వేలితో ముట్టి వాసన చూసి నా వైపు చూసింది.

“అన్నా, ఇది ఆయిలు కాదు. సగం డీజిలే. గేజులో పెరగడం సూడనేదా?”

 ఆ అమ్మాయే ఓనరుకు విడమరిచి చెప్పింది. మసి కాల్చడానికి పంపిన డీజిలు, పని మధ్యలో ఆపినప్పుడల్లా పూర్తిగా కాలక, సిలిండరు గోడల వెంట కారి ఆయిల్లో కలిసింది. ఆయిలు పెరిగి పెరిగి ఇంజను పీల్చుకునే గాలిలోకి పొంగింది. ఇంజను దాన్నే తాగి పరుగెత్తింది. అందుకే తాళం తీసినా ఆగలేదు. తరవాత ల్యాప్‌టాప్ తగిలించి తెర మా వైపు తిప్పింది. నేను స్విచ్చి నొక్కిన ప్రతిసారీ అందులో రాసి ఉంది.

ఇక దాచడానికి ఏముంది? “నానే నొక్కినాను బాబూ. గడ్డి అంటుకుంటాదని బయపడి మొదలెట్టినాను. తరవాత మైలేజి కోసం నొక్కినాను. ఆయిలు పెరగడం సూసినాను కూడా. సూసి ఊరుకున్నాను,” అన్నాను.

ఓనరు ఆ డబ్బాల వంక చూశాడు. “మనిసి పోతే ఏటి సేసేవోళ్ళంరా?” అనేసి బయటికి నడిచాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

మావ పేరు నేను ఎత్తలేదు. ఆయన తల దించుకుని నిలబడ్డాడే గానీ తనూ నొక్కుతున్నానని చెప్పలేదు. నాకు కోపం వచ్చింది. కానీ సాయంత్రం ఆయనే ఫోను చేశాడు. 

“ఒరే, నా బండి గేజు తీసినాను. గీత మీద రెండు వేళ్ళెత్తు ఎక్కువున్నాది.”

“ఇంజను స్టార్టు సెయ్యకు మావా,” అన్నాను. “మా తల్లి మీదొట్టు, సెయ్యకు. ఓనరుకి సెప్పు.”

 “సెప్తాను” అన్నాడు. ఆ బండికి మర్నాడు ఉదయం పలాస లోడుంది. ఆ రాత్రే ఓనరుకు చెప్పాడు. బండిని ఇంకో లారీకి కట్టి లాక్కుంటూ వర్కుషాపుకు తెచ్చారు.

ముసలమ్మ నాలుగో రోజు ఇంటికొచ్చింది. నేను పళ్ళు పట్టుకుని వెళ్ళాను. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. దగ్గు పూర్తిగా పోలేదు. నేనెవరో చెప్పుకుని, తప్పు నాదేనని, ఏం చేశానో మొత్తం చెప్పాను. ఆవిడకు స్విచ్చి, జల్లెడ అర్థమయ్యాయో లేదో తెలియదు.

“నువ్వు దిగి పారిపోతావనుకున్నాను బాబూ,” అంది. “సక్రం సందులోంచి నీ కాళ్ళు కనపడినాయి. గజగజ వొణికిపోతన్నాయి. ఈడు పారిపోతాడు, ఆ బండి నా మీద పేలిపోతాది అనుకున్నాను.” కాసేపు దగ్గి, “కూకో, టీ తాగి ఎల్లు,” అంది. ఆ మంచం పక్కనే కూర్చుని టీ తాగాను.

ఓనరు నన్ను నెల రోజులు బండి ఎక్కనివ్వలేదు. ఆ నెలలో తన డ్రైవర్లందరినీ ఆ అమ్మాయి దగ్గరికి పంపి, ఆ లైటు ఎందుకు వెలుగుతుందో, ఎక్కడ ఆపాలో మొత్తం చెప్పించాడు. మైలేజి గురించి మా ముందు మళ్ళీ మాట్లాడలేదు. తరవాత ఒక రోజు ఇంజను విప్పి బాగుచేయడం అయిపోయిందని, వచ్చి బండి తీసుకోమని కబురు పెట్టాడు.

వర్కుషాపులో క్యాబిను ఎక్కి కూర్చున్నాను. తాళం పెట్టడానికి చెయ్యి రాలేదు. ఆ అమ్మాయి కింద నిలబడి, “నానిక్కడే ఉన్నాను, తిప్పన్నా,” అంది. తిప్పాను. ఇంజను మెల్లగా తిరిగింది. చెమట కారుతుండగా వెంటనే తాళం వెనక్కి తిప్పాను. ఇంజను ఆగింది. మళ్ళీ స్టార్టు చేశాను, మళ్ళీ ఆపాను. ఆగింది. ఇంకోసారి.

“ఎన్నిసార్లు సూస్తావన్నా?” అంది ఆ అమ్మాయి.

“ఇంకొక్కసారి,” అన్నాను.