ఇంట్లో అడిగి చెప్తా

పత్తికొండ టమోటా మార్కెట్లో మా పెదనాయన గొంతు పెద్దది. వేలంలో అందరినీ మించి అరిచే ఆ మనిషి, బయట ఎవరేం అడిగినా "ఇంట్లో అడిగి చెప్తా" అనేవాడు. పెద్దమ్మ చనిపోయి ఏడాదైనా ఆ మాట పోలేదు.

ఒకరోజు ఫోను బావిలో పడేసుకొని నా దగ్గరికి వచ్చాడు. పెద్దమ్మ ఫొటోలు ఇక మిగిలింది ఆయన సోషల్ మీడియా ఖాతాలోనే. అన్నీ ఒకేసారి డౌన్‌లోడ్ చేయడానికి చిన్న ప్రోగ్రాం రాశాను. నడపగానే తెర మీద ప్రశ్న వచ్చింది: మీ ఫొటోలను ఈ యాప్ చూడటానికి అనుమతిస్తారా?

"సరే అని నొక్కు పెదనాయనా."

"ఫొటోల్లో ఉండేది ఆమె గదప్పా. నేనెట్ల ఒప్పుకునేది? ఇంట్లో అడిగి చెప్తా."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. బయటికి పోయి, తన బండి పక్కన కాసేపు నిలబడి తిరిగొచ్చాడు.

"సరే అనింది."

ఈలోపు ఆ పేజీకి గడువు తీరిపోయింది. మొదటి నుంచి మళ్లీ అదే ప్రశ్న. నాకు విసుగొచ్చింది గానీ ఆయనకు రాలేదు. మళ్లీ బయటికి పోయాడు. ఈసారి ఎంతకీ రాకపోయేసరికి గుమ్మం దాకా వెళ్లి పిలిచాను.

ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఉండప్పా. చీర మార్చుకోని వస్తానంటాంది."