చివరి స్టాపు యూనివర్సిటీ

తాతయ్య రిటైరై చాలా కాలమైంది గానీ, ఆయన కుడికాలికి ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. కుర్చీలో కునుకు తీస్తుంటాడు. వంటింట్లో అమ్మమ్మ చేతిలోంచి గిన్నె జారుతుంది. ఈయన కాలు టక్కున నేలను తొక్కుతుంది. బ్రేకు వేశాడన్నమాట. "ఏమైందండీ?" అని అమ్మమ్మ తొంగిచూస్తే, "ఏం కాలేదు, తప్పించాను" అంటాడు.

బస్సు డ్రైవరుగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయనది ఒకటే రూటు. మార్కెట్ దగ్గర బస్సు ఎక్కి, రైల్వే గేటు దాటి, ఊరి కొసన ఉన్న యూనివర్సిటీ గేటు దగ్గర తిప్పుకుని రావడం. ఆ గేటు బయట బండి దగ్గర టీ తాగేవాడు. లోపలి చెట్ల వైపు ఒక చూపు చూసి, వెనక్కి తిరిగేవాడు. ఊళ్ళో సగం మంది చదువుల్ని ఆ గేటు దాకా మోసిన మనిషి ఒక్కసారీ లోపలికి వెళ్ళలేదు. అదేమని అడిగితే, "బస్సు వెళ్ళని చోట నాకేం పని?" అనేవాడు. చిన్నప్పుడు లెక్కలు ఆయన్ని వదిలేశాయో, ఆయనే లెక్కల్ని వదిలేశాడో ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

ఆయన పెద్ద మనవరాలు, ఇంట్లో అందరూ అక్క అని పిలిచే పిల్ల, ఆ ఏడు ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. రాళ్ళ చదువు చదువుతానంది. ఏ రాయి ఎప్పుడు, ఎలా పుట్టిందో చెప్పే చదువట. కిటికీ గట్టు మీద అట్టపెట్టె నిండా రాళ్ళు పోగేసుకుంది కూడా.

"పప్పులో రాళ్ళు ఏరడానికి డిగ్రీ ఎందుకే? నా పక్కన కూర్చో, ఊరికే నేర్పుతాను" అంది అమ్మమ్మ.

ఈ సంగతి ఎలా పొక్కిందో గానీ, ఒక ప్రైవేటు కాలేజీ మనిషి రంగురంగుల పుస్తకం చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు.

"మా కాలేజీకి ఏసీ బస్సుంది పెద్దాయనా!"

"డ్రైవరుకి జీతం నెలనెలా పడుతోందా?"

వచ్చినాయన గబగబా పుస్తకంలో పేజీ తిప్పాడు. తర్వాత ఫీజు సంగతి చెప్పాడు. తాతయ్య కాలు నేలను ఎంత గట్టిగా తొక్కిందంటే, పక్కనున్న మంచినీళ్ళ చెంబు పడిపోయింది.

"అప్పు చేసి చదివిస్తే డిగ్రీ దానికొస్తుంది, నడుం వంగడం మాకొస్తుంది" అన్నాడు తాతయ్య. "మన రాష్ట్రంలో సర్కారువి లేవా? నా రూటు మీదే మూడున్నాయి. వెళ్ళిరా నాయనా."

ఉన్న మాటే. మార్కెట్ వెనక కొత్తగా పెట్టిన చిన్నదొకటి, రైల్వే గేటు పక్కన ఇంకొకటి, చివర్న పెద్దది. రాళ్ళ చదువు ఆ పెద్దదాంట్లోనే ఉంది. ఫీజు తక్కువ, హాస్టల్ ఖర్చు లేదు, పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. అందుకని అక్క మనసంతా దాని మీదే ఉంది. ఒకవేళ అక్కడ సీటు రాకపోతే ఏడాది వృథా అవుతుందని మిగతా రెండూ కూడా పెట్టుకుందామనుకుంది.

తీరా ఆప్షన్లు పెట్టాల్సిన ఆఖరి రోజున అక్కకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. అమ్మా నాన్నా పనుల మీద ఉన్నారు. తాతయ్య అక్క ఫోన్ జేబులో వేసుకుని నెట్ షాపుకి బయల్దేరాడు.

"మూడూ గుర్తున్నాయిగా తాతయ్యా?"

"నా రూటు నాకే చెప్తున్నావా? పడుకో."

షాపులో ఇసుక వేస్తే రాలనంత జనం. "ఏది ముందు పెట్టమంటారు తాతా?" అన్నాడు షాపతను.

"ముందు మార్కెట్ వెనకది. అందులో ఏదో కామర్స్ అట. తర్వాత రైల్వే గేటుది. చివర్న పెద్దది, రాళ్ళు."

"పెద్దది చివర్నా?"

"మరి? బస్సు బోర్డు మీద పెద్దక్షరాల్లో రాసేది ఏ పేరయ్యా? చివరి స్టాపుదే కదా!"

వెనకవాళ్ళు నెడుతున్నారు. షాపతను చెప్పింది చెప్పినట్టు నొక్కేశాడు. తాతయ్య బ్రెడ్డు ప్యాకెట్ కొనుక్కుని దర్జాగా ఇంటికొచ్చాడు.

సీట్లు ప్రకటించిన రోజు అక్క ఫోన్ చూసి కొయ్యబారిపోయింది. మార్కెట్ వెనకది, కామర్స్. ఆరా తీస్తే సంగతి బయటపడింది.

"ముందు పెట్టింది దొరికితే ఇక వెనకవి చూడరు తాతయ్యా!"

అమ్మమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఇన్నేళ్ళు బస్సు నడిపి ఏం లాభమండీ? సొంత పిల్లని మొదటి స్టాపులోనే దించేశారు కదా!"

"పోన్లే అమ్మమ్మా, కామర్స్ చదివి రాళ్ళ వ్యాపారం పెట్టుకుంటాను" అని అక్క నవ్వబోయింది గానీ, నవ్వు సగంలో ఆగింది. కాసేపటికి కిటికీ గట్టు మీది అట్టపెట్టెను మంచం కిందికి తోసేసింది. అది తాతయ్య చూశాడు. ఆ పూట అన్నం ముందు కూర్చుని ఊరికే కెలికి లేచాడు.

మర్నాడు పొద్దున్నే తన పాత రూటు బస్సెక్కి చివరిదాకా వెళ్ళాడు. టీ బండి వైపు చూడనైనా చూడలేదు. ఎదురుగా ఏమైనా వస్తోందేమోనని అటూ ఇటూ చూసుకుని, గేటు దాటి లోపలికి నడిచాడు. సీట్ల ఆఫీసు ఎక్కడో చెట్టు చెట్టునీ అడిగినంత పని చేసి, చివరికి కిటికీ వెనక కూర్చున్న ఒకావిడ ముందు నిలబడ్డాడు.

"తప్పు నాదమ్మా. దానికి పిల్లని శిక్షించకండి" అని జరిగిందంతా చెప్పాడు.

ఆవిడ నవ్వాపుకుంటూ అంది: "కంగారు పడకండి తాతగారూ, రెండో విడత ఉంది. ఈసారి పెద్దదాన్ని ముందు పెట్టండి. వచ్చిన సీటు మాత్రం వదులుకోవద్దు, వెళ్ళి చేరిపోండి. ఇక్కడ ఖాళీ వస్తే అది పోయి ఇది వస్తుంది. రాకపోతే అదైనా ఉంటుంది."

"అంటే, దొరికిన సీటు మీద కర్చీఫ్ వేసి, కిటికీ పక్కది ఖాళీ అవుతుందేమో చూస్తుండాలి. అంతేగా?"

"అంతే అంతే!"

వచ్చిన సీట్లో చేరి, ఈసారి ఆప్షన్లు అక్కే పెట్టింది. తాతయ్య పక్కనే ఉన్నాడు గానీ, అమ్మమ్మ ఆజ్ఞ ప్రకారం నోరు మెదపలేదు. కాలు మాత్రం రెండుసార్లు తొక్కింది.

ఫలితం వచ్చేదాకా ఆయన కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. వచ్చిన రోజు అక్క ఫోన్ చూసి పక్కన పడేసింది. మంచం కిందికి దూరి, అట్టపెట్టె లాగి, దుమ్ము దులిపి, మళ్ళీ కిటికీ గట్టు మీద పెట్టింది. తాతయ్య కళ్ళజోడు తీసి అదేపనిగా తుడిచాడు.

పెద్దదాంట్లో చేరిన రోజు ఆయనా వెంట వెళ్ళాడు. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని దారంతా బ్రేకులు వేశాడు. రైల్వే గేటు దగ్గర డ్రైవరు కుర్రాడు వెనక్కి తిరిగాడు. "పెద్దాయనా, పోనీ మీరే నడుపుతారా?"

"ముందు రోడ్డు చూడు బాబూ. వెనక యూనివర్సిటీ పిల్ల ఉంది."

గేటు దగ్గర దిగాక క్లాసుదాకా వస్తానన్నాడు. "వద్దు తాతయ్యా, నీ రూటు ఇక్కడికే" అంటూ అక్క ఆయన చొక్కా జేబులో ఒక నున్నటి గులకరాయి వేసి లోపలికి పరిగెత్తింది. చెట్ల వెనక ఆమె జడ కనుమరుగయ్యేదాకా నిలబడి, తాతయ్య అదే బస్సులో తిరిగొచ్చాడు.

గుమ్మంలోనే అమ్మమ్మ అడిగింది. "ఏమైందండీ?"

"చివరి స్టాపులోనే దించి వచ్చాను."

"ఇన్నాళ్ళకా?"

"బస్సన్నాక ఆమాత్రం లేటవ్వదూ!" అంటూ కుర్చీలో కూలబడ్డాడు తాతయ్య.