ఓటీపీ తెచ్చుకుందామని బేతంచెర్లకు

రేపటితో సర్కారోళ్లు రాయితీ శనక్కాయ విత్తనం ఇచ్చేది అయిపోతాది. దానికి కట్టాల్సిన దుడ్లుండే నా ఖాతా చూస్తే ఆగిపోయి ఉండాది. మిషను పట్టుకొని మా ఊరికొచ్చే బ్యాంకాయప్ప నిన్న నా బొటనవేలు నాలుగుసార్లు ఒత్తించినాడు. కలుపు తీసీ తీసీ గీతలు అరిగిపోయినాయంట. "ఓటీపీ నీ కొడుకు ఫోనుకు పోయిందవ్వా. అదుంటేనే ఖాతా తెరుచుకునేది" అన్నాడు. కొడుకు బేతంచెర్లలో బండల పాలిషు ఫ్యాక్టరీలో పని. మిషన్ల మోతలో ఫోను ఎత్తడు. సరే, పోయి తెచ్చుకుందామని బయల్దేరినాను.

పత్తికొండలో ఆరుంబావుకు డోన్ బస్సు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడోళ్లకు సున్నా టికెట్టు. రైలుకైతే దుడ్లు పెట్టాల, పోయేవాళ్లు బస్సుకే పోండి. డోన్‌లో టీ పది రూపాయలంటే తాగలేదు. తెచ్చుకున్న జొన్నరొట్టె ఊరిబిండి పచ్చడిలో అద్దుకొని తిని ఎనిమిదిన్నరకు ఇంకో బస్సెక్కినాను.

"యాడికి పోతాండావక్కా?" అనింది పక్కనున్నాయమ్మ.

"ఓటీపీ తెచ్చుకునేకి."

"మరి సంచి తేలేదే!" అని ఒకటే నవ్వు. ఎందుకు నవ్విందో నాకు తెలీలేదు.

పదింటికి ఫ్యాక్టరీ చేరినాను. కొడుకు తలా మీసమూ తెల్లటి దుమ్ము. "నిన్నొచ్చిన నంబరు నిన్ననే సచ్చిపాయమ్మా. దాని ఆయుష్షు పది నిమిషాలే" అన్నాడు. పది నిమిషాల్లో సచ్చేదాన్ని ఎవురైనా పంపుతారా?

వాడే బ్యాంకాయప్పకు ఫోను చేసినాడు. కొత్త నంబరు టింగుమని వచ్చింది. వాడు చదవబోతే ఫోను లాక్కున్నాను. "ఎవురికీ చెప్పొద్దని టీవీలో రోజూ మొత్తుకుంటాంటే, నువ్వు గొంతెత్తి చెప్తావా?"

"మనమే చేసినాం కదమ్మా ఫోను!"

మేము వాదులాడుకునే లోపల అదీ సచ్చింది. అవతల మేస్త్రీ కేకలు. మూడోసారికి ఒప్పుకున్నాను. వాడు ఆరంకెలు చదివినాడు, ఖాతా తెరుచుకునిందన్నాడు. అంతే!

"భూమి నాది, ఖాతా నాది. నంబరు నీదెందుకు పెట్టినార్రా?"

"నువ్వే కదమ్మా, ఆడోళ్లకు ఫోనెందుకు, దుడ్లు దండగ అనింది. నీ కోడలు అడిగితే గూడా వద్దంటివి."

పన్నెండింటి బస్సెక్కినాను.

డోన్‌లో బస్సు మారినాక మాబున్ని అనే ఆయమ్మ పక్కన కూర్చునింది. టమోటాలు పండిస్తాదంట. కథంతా విని, "తెరుచుకునింది నువ్వు చూసినావా అత్తా?" అనింది.

"కొడుకు చెప్పినాడు."

"చెప్పింది సరే. చూసినావా?"

తన ఫోను నా ముందర పెట్టింది. టమోటా దుడ్లు ఖాతాలో పడినట్ల మెసేజి తెలుగులోనే ఉండాది. కూడబలుక్కొని చదివినాను. నా కొడుకు దొంగ కాదు. అయినా నా దుడ్ల సంగతి వాడు చెప్తే వినాల్సి వచ్చిందే, ఇదేం లెక్కో!

మూడున్నరకు పత్తికొండలో దిగినాను. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. రేపు విత్తనం తెచ్చుకుంటా. కోడలు మళ్లా ఫోనడిగితే కొనిస్తా. ఆ పిల్ల అడగడం మానేసి రెండేండ్లాయ. అడక్కుండా ఎట్ల ఇయ్యాల్నో, అదే తెలీడం లేదు.