కాయితం పోయిందా, సార్?

నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. ముందే ఒప్పుకుంటే మీరూ నేనూ హాయిగా ఉంటాం. దోమ కుడితే డేగ పొడిచిందంటాను. రెండు తుమ్ములు వస్తే ఆస్పత్రిలో మంచం గురించి వాకబు చేస్తాను. నేను చెప్పే ఏ సంగతినైనా మా ఆవిడ నాలుగుతో భాగించి వింటుంది, మీరూ అలాగే చదవండి. ఒక్కటి మాత్రం భాగించకండి. ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, ఖతార్‌లో, బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో తెలియని నేను ఒక బాస్కెట్‌బాల్ కోచ్ నెత్తిన తెచ్చిపెట్టిన అనర్థం ఉంది చూశారూ, అది అచ్చంగా చెప్పినంతే ఉంటుంది.

చమురు ధర రోజుకో మెట్టు ఎక్కుతున్న రోజులవి. దోహాలో పొద్దున ఖాళీగా కనిపించిన స్థలంలో సాయంత్రానికి ఇరవై అంతస్తులు లేచి నిలబడేవి. వచ్చిపడే డబ్బుని ఏం చేయాలో తోచక ప్రతి కాలేజీకీ ఒక ఆటస్థలం కావాలనిపించింది. నేను గుమాస్తాగా పనిచేసే ప్రైవేటు కాలేజీ కూడా అల్ అజీజియా దగ్గర పైకప్పు ఉన్న బాస్కెట్‌బాల్ కోర్టు కట్టించింది. అందులో ఏసీ ఎంత బలమైనదంటే, ఆటగాళ్ళు చెమట పట్టించుకోవడానికి కాసేపు బయటికి వెళ్ళొచ్చేవారు.

కోర్టు తయారైంది, జట్టు తయారైంది. ఇంతలో హెడ్ కోచ్ మోకాళ్ళు అరిగిపోయి తన దేశం వెళ్ళిపోయాడు. మిగిలింది అసిస్టెంటు. అతన్నే హెడ్ కోచ్‌ని చేయవచ్చా, బయటినుంచి తేవాలా అని తేల్చడానికి ముగ్గురు మనుషుల కమిటీ వేశారు. అందులో మూడో మనిషిని నేను.

నన్నెందుకు వేశారంటే, దానికో చరిత్ర ఉంది. నా బయోడేటా టైపు చేసిన హైదరాబాదు ఏజెంటు హాబీ ఏమిటని అడిగితే "పుస్తకాలు" అన్నాను. అతను "బాస్కెట్‌బాల్" అని కొట్టాడు. పక్కన ఫ్యాను మోత ఎక్కువగా ఉండింది. నిజానికి నేనెరిగిన బంతి ఒక్కటే, తెనాలి పెళ్ళిళ్ళలో విస్తళ్ళ ముందు కూర్చునే బంతి. దాంట్లో మాత్రం నాది రాష్ట్రస్థాయి.

మా డీన్ సూడాన్ పెద్దమనిషి. మెల్లగా మాట్లాడతాడు, ఆయన ఒక వాక్యం ముగించేలోపు మీరు టీ తాగి రావచ్చు. ఆయన నన్ను పిలిచి, "నీకు ఆట తెలుసు, అతని భాషా తెలుసు. రెండు వారాలు దగ్గర కూర్చుని చూడు. తయారుగా ఉన్నాడో లేదో చెప్పు" అని ఒక ఫారం చేతిలో పెట్టాడు. ఫారం చివర మూడు గళ్ళున్నాయి. తయారు, తయారు కాదు, ఇంకా చూడాలి. ఆట తెలియదని చెప్పాల్సింది. చెప్పలేదు. ఎవరో నన్ను ఒకచోట కూర్చోమన్నారు, అదే చాలుననిపించింది.

ఎందుకంటే అప్పటికి నా పరిస్థితి వినదగ్గది కాదు. మెసైమీర్‌లో నలుగురం కలిసి ఒక ఫ్లాటు తీసుకున్నాం గానీ నలుగురివీ నాలుగు షిఫ్టులు. మిగతా ముగ్గురినీ నేను వాళ్ళ ఆరేసిన లుంగీల ద్వారా మాత్రమే ఎరుగుదును. నీలం గళ్ళాయన మంచివాడనుకుంటాను. లిఫ్టులో రికార్డు చేసిన ఆడగొంతు మూడో అంతస్తు వచ్చిందని చెబితే "థాంక్సండీ" అనేవాణ్ణి. శుక్రవారం వస్తే గురువారం సాయంత్రం మూసిన నోరు శనివారం పొద్దుటిదాకా తెరిచే పనుండేది కాదు. మూర్తీ అని ఎవరైనా పిలిచి ఎన్ని వారాలైందో లెక్కపెట్టడం మానేశాను.

అలాంటివాణ్ణి వెళ్ళి కోర్టు పక్కన బెంచీ మీద కూర్చున్నాను. అసిస్టెంటు కోచ్ దగ్గరికొచ్చాడు. పేరు గంగారాం, ఊరు జగిత్యాల దగ్గర. సన్నగా పొడుగ్గా ఉంటాడు, మెడలో ఈల.

"మంచిగున్నరా సార్? తిన్నరా?" అన్నాడు.

అంతే. మనిషి మాట, తెలుగు మాట, అదీ నా కడుపు గురించి. జవాబుగా నాకు దగ్గు వచ్చింది.

రోజూ సాయంత్రం అయిదింటికల్లా బెంచీ మీద ఉండేవాణ్ణి. గంగారాం పదకొండు దేశాల కుర్రాళ్ళని మూడు భాషలు కలిపి ఒకే వాక్యంలో పరిగెత్తించేవాడు. "యల్లా, జల్దీ, ఉరుకుర్రి" అనేసరికి ఆరున్నర అడుగుల సిరియా కుర్రాడు కూడా "ఉరుకు, ఉరుకు" అని తనకి తనే చెప్పుకుంటూ ఉరికేవాడు. మధ్యలో విరామం వస్తే గంగారాం నా పక్కన కూర్చుని ఇంటి సంగతులు చెప్పేవాడు. భార్య లావణ్య, నాలుగేళ్ళ కూతురు. ఆ కూతురిని మొత్తం కలిపి రెండు నెలలు చూశాడట.

"మా బిడ్డ వాడకట్టు మొత్తానికి చెప్తదట సార్, మా నాయిన దుబాయ్‌ల బాల్ ఆడుకుంట ఉంటడని. ఇది దుబాయ్ గాదు బిడ్డా అంటె ఇనదు. హెడ్ కోచ్ అయితె ఫ్యామిలీ వీసా ఇస్తరు. అసిస్టెంటుకు మాఫీ. ఏప్రిల్‌కు ముందు అయితె ఈడనే బడిల ఏస్త."

మాఫీ అంటే రుణమాఫీ లాంటి శుభవార్త అనుకునేరు. అరబ్బీలో లేదు అని.

నాలుగో రోజున ఒక స్నేహపూర్వక పోటీ జరిగింది. ఆఖరి నిమిషంలో మా సిరియా కుర్రాడికి, ఎవరూ అడ్డురాకుండా ఊరికే బుట్టలోకి విసిరే అవకాశాలు రెండొచ్చాయి. ఒకటి పడ్డా గెలుస్తాం. రెండూ పోయాయి. జట్టంతా అతనికేసి, పెళ్ళిలో సాంబారు ఒలకబోసినవాణ్ణి చూసినట్టు చూసింది. గంగారాం మర్నాడు వచ్చి, మిగతావాళ్ళందరి చేతా తలా యాభై విసిరించాడు. ఎవరివెన్ని తప్పాయో లెక్కపెట్టే పని ఆ కుర్రాడికిచ్చాడు. గంట తర్వాత ఆ కుర్రాడే నవ్వుతున్నాడు, మిగతావాళ్ళు అతని మొహం చూడలేకపోతున్నారు.

విస్తరి బంతి తప్ప ఇంకో బంతి ఎరగని నాకు కూడా అర్థమైంది, ఇతను తయారని. ఆఫీసుకెళ్ళి ఫారం తీసి, కలం పట్టుకుని, మొదటి గడి మీదికి తెచ్చాను. అప్పుడో ఆలోచన వచ్చింది. ఇందులో టిక్కు పెడితే రేపు అయిదింటికి నేనెక్కడికి వెళ్ళాలి?

కలం నెమ్మదిగా మూడో గడికి జరిగింది. ఇంకా చూడాలి.

అక్కడినుంచి ఏం రాశానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి. మూడో వారం, ఈల ఊదేటప్పుడు బుగ్గలు రెండూ సమానంగా ఉబ్బుతున్నదీ లేనిదీ పరిశీలించవలసి ఉన్నదని డీన్‌కి చీటీ పంపాను. అయిదో వారం, ఓడినప్పుడు ముఖం చూశాను, గెలిచినప్పటిది చూడవలసి ఉన్నదన్నాను. ఏడో వారం, వాన పడుతుండగా శిక్షణ ఎలా ఇస్తాడో చూడాలన్నాను. ఆ ఊళ్ళో వాన అంటే ఏడాదికోసారి మేఘం పొరపాటున తుమ్మడం. పైగా కోర్టుకి కప్పుంది. ఫారం మాత్రం నా సొరుగులోనే ఉంది.

తొమ్మిదో వారంలో ఒక సాయంత్రం గంగారాం బెంచీ అంచున కూర్చున్నాడు. చేతిలో ఈల తాడుని చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టి, నన్ను చూడకుండా అడిగాడు.

"సార్, నా కాయితం పోయిందా?"

నాకు రోషం వచ్చింది. ఎంత జాగ్రత్త మనిషిని నేను. "ఛ, ఎందుకు పోతుందండీ? నేనుండగా పోనిస్తానా?" అన్నాను.

అతను తల తిప్పి నన్ను చూశాడు. "పోనియ్యరా సార్?"

"చచ్చినా పోనివ్వను. నా సొరుగులోనే ఉంది. మీది కాబట్టి ప్రత్యేకంగా తాళం కూడా వేశాను. ఎన్నాళ్ళయినా అక్కణ్ణుంచి కదలదు, నిశ్చింతగా ఉండండి."

"గట్లనా సార్," అని లేచి వెళ్ళిపోయాడు. ఎంత చక్కగా ధైర్యం చెప్పానో అని ఆ పూట నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

మర్నాడు బెంచీ దగ్గరికి వెళితే, దూరంనుంచే "గుడ్ ఈవినింగ్ సర్" అన్నాడు. ఇంగ్లీషు. ఆ మూడు మాటలూ మూడు ఇటుకల్లా వచ్చి తగిలాయి. విరామంలో వచ్చి కూర్చోలేదు. వారం రోజులు అదే వరస. జట్టు కూడా నన్ను మరిచిపోయిన గొడుగుని చూసినట్టు చూసింది. ఒక మనిషి పక్కనుండి కూడా మాట్లాడకపోవడం, ఖాళీ ఫ్లాటుకంటే పెద్ద ఖాళీ అని నాకప్పుడు తెలిసింది.

చివరికి కాలేజీ బస్సు డ్రైవరు నర్సయ్యకి చెప్పుకున్నాను. ఆర్మూరు పక్క మనిషి, నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. అంతా విని స్టీరింగు మీద తల ఆనించుకుని, భుజాలు కదిలేలా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, నా వంక చూశాడు.

"మా దిక్కు పోవుడంటె మీ తీరు వెళ్ళుడు సార్. కాయితం పైకి పోయిందా, డీన్ సార్ దగ్గరికి చేరిందా అని అడిగిండు ఆయన. మీరేమో చచ్చినా పోనియ్యనంటిరి. తాళం గూడ ఏసిన అంటిరి."

తెనాలిలో పోవడం అంటే రెండే. వస్తువైతే పారేసుకోవడం, మనిషైతే చచ్చిపోవడం. ఒక మనిషి బతుకు కాగితం గురించి అడిగితే, దాన్ని ఎలా తొక్కిపెట్టానో నేను గర్వంగా వివరించి చెప్పానన్నమాట.

పరిగెత్తాను. తాళం తీసి, పాత టిక్కు కొట్టేసి, తయారు అన్న గడిలో కాగితం చిరిగేంత గట్టిగా టిక్కు పెట్టి, డీన్ బల్ల మీద పడేశాను. ఆయన తీరిగ్గా చూసి, మిగతా ఇద్దరూ మొదటివారంలోనే తమ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేశారని చెప్పాడు.

"పది వారాలు ఏం చూశావు మూర్తీ?"

"ఆట సార్."

"ఒక జట్టులో ఎందరు ఆడతారు?"

"బెంచీ మీద ఏడుగురు సార్," అన్నాను. "కోర్టు లోపలికి నేను అంతగా చూడలేదు."

అక్కణ్ణుంచి గంగారాం దగ్గరికెళ్ళి, రొప్పుతూ, మీ పోవడం వేరు, మా పోవడం వేరు అని వ్యాకరణం మొత్తం వివరించాను. అతను ఓపిగ్గా విన్నాడు.

"మాట ఎట్ల ఇనబడ్డా ఒకటే గద సార్. మీరైతె పోనియ్యలేదు."

నేను వ్యాకరణంలో ఇంకో సూత్రం వెతకబోయాను.

"ఎందుకు సార్?"

ఈలలు, బుగ్గలు, వానలు అన్నీ నాలిక చివరికొచ్చి, సిగ్గుపడి వెనక్కెళ్ళిపోయాయి. "ఇంటికెళితే ఎవరూ ఉండరండీ," అన్నాను.

గంగారాం ఈలని జేబులో పెట్టుకున్నాడు. "నాకెవ్వలున్నరు సార్ ఈడ?" అన్నాడు.

ఉత్తర్వు వారంలోనే వచ్చింది. వీసా కాగితాలు తేలేసరికి ఏప్రిల్ దాటింది, బళ్ళో సీట్లు నిండిపోయాయి. లావణ్యా పాపా మరుసటి ఏడాదికిగానీ రాలేదు.

వచ్చిన మొదటి శుక్రవారం గంగారాం నన్ను భోజనానికి పిలిచాడు. లావణ్య బగారా అన్నం, కోడికూర వండింది. నేను పెళ్ళి బంతిలో కూర్చున్నట్టు కూర్చుని మూడుసార్లు వడ్డించుకున్నాను. పాప నా వంక అనుమానంగా చూస్తుంటే, "మూర్తి మామ" అని గంగారాం పరిచయం చేశాడు. పాత సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆనాడు కుడిచేయి ఎత్తి ప్రమాణం చేశాను. ఇకమీద ఏ మనిషి కాగితాన్నీ నా సొరుగులో ఒక్క పూట కూడా నిలవనివ్వను. జగిత్యాల వైపునుంచో తెనాలి వైపునుంచో ఎవరేం అడిగినా, ఏ అర్థంలోనో రాతపూర్వకంగా తీసుకోనిదే నోరు విప్పను. బాస్కెట్‌బాల్ మీద నా అభిప్రాయం ఎవరడిగినా, ఆ దేశమే వదిలి వెళ్ళిపోతాను.

ఇక ఇందులో కల్పించినదేదో చెప్పి సెలవు తీసుకోవాలి. ఇరవై అంతస్తులు, చెమట కోసం బయటికెళ్ళిన ఆటగాళ్ళు, ఇవి పెంచినవే తప్ప కల్పించినవి కావు. బుగ్గల చీటీ నిజం. వాన చీటీ కూడా నిజమే, ఏం చేయను. కల్పించింది ఆ భోజనం ఒక్కటే. గంగారాం నన్ను ఏ శుక్రవారమూ పిలవలేదు. ఆ రోజు మెసైమీర్‌లో రెండు గుడ్లు ఉడకబెట్టుకున్నాను. అవీ సరిగ్గా ఉడకలేదు.